లేపాక్షి లెక్క

బెంగుళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి ఆంధ్రలోకి అడుగుపెట్టిన కాసేపటికే చిలమత్తూరు మండలం కొడికొండ చెక్‌పోస్ట్ వస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే లేపాక్షి. శని, ఆదివారాల్లో బెంగుళూరు కార్లన్నీ తిరిగేది అక్కడే. గుడికి వెళ్ళినవాళ్ళు చేసే పనులు కూడా దాదాపు ఒకటే. వేలాడే స్తంభం కింద కండువా దూర్చి లాగడం, నాగలింగం ముందు ఫోటో, సీతమ్మ పాదంలో నీళ్ళు ముట్టుకోవడం, గోడ మీద ఎర్రటి మరకలు చూసి ‘అయ్యో’ అనుకోవడం, చివరికి నంది దగ్గర గ్రూప్ ఫోటో. మళ్ళీ కారెక్కడం.

ఇందులో ఎగతాళి చేయాల్సింది ఏమీ లేదు. ఆ కథలే లేకపోతే ఆ రాళ్ళ దగ్గర ఎవరూ ఆగరు. అయితే చరిత్ర చదివేవాళ్ళు ఈ కథల్ని రెండు రకాలుగా పాడుచేస్తుంటారు. కొందరు ‘అంతా కట్టుకథ’ అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు ఆ కథల్నే చరిత్రగా రాసేస్తారు. పాత కోడ్ చదివి బతికే నాలాంటివాళ్ళకు అలవాటైన పద్ధతి మూడోది. ఎవరో ఎప్పుడో రాసిన కామెంట్‌లో ఉన్న మాట తప్పే కావచ్చు. కానీ అది ఏ లైను పక్కన రాసి ఉందో చూడాలి. అక్కడ ఎవరో ఒకరు ఆగి తల గోక్కున్నారన్నమాట. లేపాక్షి కథలు కూడా అలాంటివే. ప్రతి కథా ఒక రాయికి అతుక్కుని ఉంది, ప్రతి కథా ఆ రాయి అడిగే ప్రశ్నకు జవాబు. ఆ జవాబులన్నీ వరసగా పెట్టి చూస్తే నాకు కనబడింది భక్తి కంటే ఎక్కువగా ఒక లెక్క. ఇంత పెద్ద పని దేనితో చేశారు, దాని ఖరీదు ఎవరు కట్టారు అన్న లెక్క.

ముందు ఖాయంగా తెలిసిన సంగతులు. వీరభద్రస్వామి గుడి ఇప్పుడున్న రూపంలో 1530లలో, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో తయారైంది. అచ్యుతుడు శ్రీకృష్ణదేవరాయల తమ్ముడు. 1529 నుంచి 1542 దాకా ఏలాడు. కట్టించినవాళ్ళు పెనుకొండలో రాచకొలువు చేసిన అన్నదమ్ములు, విరూపణ్ణ, వీరణ్ణ. పెనుకొండ చిన్న ఊరేం కాదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపి పాడైతే రాజధాని అక్కడికే మారింది. అంటే ఈ గుడి సామ్రాజ్యపు మారుమూలలో కాక, అధికారం బాగా తిరుగాడిన తావులో పుట్టింది.

గుడి ఉన్నది ఒక రాతి గుట్ట మీద. తాబేలు వీపులా ఉంటుంది కాబట్టి కూర్మశైలం అన్నారు. ఇక్కడ నేలను తవ్వితే మట్టి కంటే ముందు బండ తగులుతుంది. అనంతపురం రైతుకు శాపమైన ఈ సంగతే శిల్పికి వరం. నాగలింగాన్ని ఎక్కడినుంచో మోసుకురాలేదు. అక్కడే ఉన్న గుండును చెక్కి ఏడు పడగల పాముగా, చుట్టల మధ్య లింగంగా తేల్చారు. గుడికి కొంచెం దూరంలో ఉన్న నంది కూడా అంతే. నాలుగున్నర మీటర్ల ఎత్తు, ఎనిమిది మీటర్లకు పైగా పొడవు, ఒకే రాయి. మెడలో గంటలు, వీపు మీద పరిచిన గుడ్డ అంచు కూడా రాతిలోనే. ప్రాకారపు గోడలు ఆ గుట్ట ఎత్తుపల్లాలను అనుసరించే నడుస్తాయి.

నేల ఏదైతే గుడి అది. బెంగాల్‌లోని బిష్ణుపూర్‌తో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ రాయి అరుదు, మట్టి పుష్కలం. అందుకే మల్ల రాజులు 17వ శతాబ్దంలో గుళ్ళను ఇటుకతో కట్టి, కాల్చిన మట్టి పలకలతో గోడలు నింపారు. 1643 నాటి శ్యామరాయ్ గుడి, 1655 నాటి జోడ్ బంగ్లా గోడల మీద రామాయణం, కృష్ణలీలలు, వేట, పడవలు అన్నీ అరచేయంత పలకల్లో ఉంటాయి. కప్పులు కూడా వాన జారిపోయేలా, బెంగాలీ పూరిగుడిసె చూరులా వంగి ఉంటాయి. వాన ఎక్కువైన చోట గుడి గుడిసెను చూసి నేర్చుకుంది. వాన లేని చోట గుడి బండను చూసి నేర్చుకుంది.

కథలు కూడా నేలను బట్టే మారతాయేమో. బిష్ణుపూర్‌లో బాగా చెప్పుకునే కథ దళ్‌మాదళ్ ఫిరంగిది. 18వ శతాబ్దంలో మరాఠా దండు మీదపడితే మదనమోహన స్వామే స్వయంగా వచ్చి ఫిరంగి పేల్చి ఊరిని కాపాడాడట. అక్కడ దేవుడు ఉచితంగా పని చేసిపెట్టాడు. లేపాక్షి కథల్లో అలాంటి దేవుడు దొరకడు. ఇక్కడ ప్రతిదానికీ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సిందే.

గుడి లోపలికి వెళ్తే మొదట వచ్చేది నాట్యమండపం. ఆ మండపంలో ఒక సభ జరుగుతోంది. రంభ నాట్యమాడుతోంది, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడు వీణ పట్టుకున్నాడు, మూడు కాళ్ళ భృంగి అడుగు కలుపుతున్నాడు. ఒక్కో స్తంభానికి ఒక్కో కళాకారుడు. మధ్యలో ఖాళీగా ఉన్న చోట నిలబడితే వాళ్ళందరూ మన చుట్టూ వాయిస్తున్నట్టే ఉంటుంది. చూసేవాడిని మధ్యలో నిలబెట్టి కచేరీని చుట్టూ పేర్చడం ఇక్కడి పథకం.

ఈ మండపంలో ఒక మూల స్తంభమే ఆ ప్రసిద్ధ వేలాడే స్తంభం. 70 స్తంభాల్లో అదొక్కటే నేలకు పూర్తిగా ఆనదు. పలచటి గుడ్డ ఒక పక్కనుంచి దూర్చి ఇంకో పక్క తీయొచ్చు. పరీక్షగా చూస్తే ఒక అంచు దగ్గర నేలకు తగులుతూనే ఉంటుంది. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దాని రహస్యం తేల్చాలని గడ్డపార పెట్టి కదిలించాడని, కప్పంతా కదిలేసరికి భయపడి వదిలేశాడని చెప్తారు. ఈ కథ ఎంత నిజమో తేల్చడం కంటే అది చెప్పే సంగతి ఆసక్తికరం. దూలాలు, రాతి పలకలు ఒకదాన్నొకటి అదిమిపట్టి ఉండే ఇలాంటి కట్టడంలో బరువు ఒక్క స్తంభం మీదే పడదు. ఒకటి తప్పుకున్నా పక్కవి మోస్తాయి. అద్భుతం ఏదైనా ఉంటే అది వేలాడే స్తంభంలో కంటే, మోస్తున్న మిగతా 69 స్తంభాల్లో ఉంది. కండువా మాత్రం ఎప్పుడూ మోయని దాని కిందికే వెళ్తుంది.

ఇప్పుడు తల పైకెత్తాలి. లేపాక్షికి అసలు సంపద పైకప్పు. సున్నం, ఇసుక కలిపిన గచ్చు మీద ఎరుపు, కావి, పసుపు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులతో వేసిన బొమ్మలవి. నీలం దాదాపు కనబడదు. పార్వతీ కల్యాణం, అర్జునుడు పాశుపతం కోసం కిరాతుడితో పోరాడడం, ద్రౌపదీ స్వయంవరం, రామ పట్టాభిషేకం పట్టీలు పట్టీలుగా, చీర అంచుల్లా పరిచి ఉంటాయి. చీరలన్నది ఊరికే అన్న మాట కాదు. ఆడవాళ్ళ చీరల మీది గళ్ళు, చారలు, పువ్వులు, మగవాళ్ళ పొడవాటి కుళ్ళాయిలు, ఒక పక్కకు వాల్చిన కొప్పులు చూస్తే 16వ శతాబ్దపు బట్టల కొట్టులోకి వెళ్ళినట్టుంటుంది. హంపిలో ఆ కాలపు రంగులు చాలావరకు రాలిపోయాయి. విజయనగరం ఏ రంగుల్లో బతికిందో చూడాలంటే ఈ కరువు నేలకే రావాలి.

ఆ కప్పు మీద రెండు చిత్రాలు మన లెక్కకు ముఖ్యం.

మొదటిది మనునీతి చోళుడి కథ. రాజకుమారుడి రథం కింద పడి ఆవుదూడ చచ్చిపోతుంది. తల్లి ఆవు వచ్చి రాజద్వారంలోని ధర్మగంట మోగిస్తుంది. రాజు విచారించి, తన కొడుకునూ అదే రకంగా రథం కింద తొక్కించమంటాడు. తమిళ దేశపు కథ, దాన్ని తెచ్చి ఇక్కడ వేయించారు.

రెండోది కట్టించినవాళ్ళ బొమ్మ. పెద్ద వీరభద్రుడి చిత్రం దగ్గర విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో నిలబడి పూజారి చేతుల మీదుగా ప్రసాదం అందుకుంటూ కనబడతారు. కుళ్ళాయిలు, నగలు, అంచున్న బట్టలు. కళ్ళు పెద్దవిగా, తెరిచే ఉన్నాయి.

ఇక అందరికీ తెలిసిన కథకు వద్దాం. రాజు ఊళ్ళో లేనప్పుడు కోశాధికారి విరూపణ్ణ ఖజానా డబ్బుతో గుడి కట్టించాడు. కల్యాణమండపం పని సగంలో ఉండగా రాజు తిరిగొచ్చి, ఖాళీ ఖజానా చూసి, కళ్ళు పీకించమన్నాడు. ఆ శిక్ష ఇంకొకరి చేత ఎందుకని విరూపణ్ణ తన కళ్ళు తానే పీక్కుని మండపం పక్క గోడకు విసిరికొట్టాడు. ఆ రెండు ఎర్ర మరకలు అవేనట. కల్యాణమండపం అక్కడితో ఆగిపోయింది. ‘లేప అక్షి’, కళ్ళు పోయిన ఊరు, లేపాక్షి అయింది.

శాసనాలు ఈ కథను బలపరచవు. గుడిలోని శాసనాలు అచ్యుతరాయల పాలనను చెప్తూనే విరూపణ్ణ ఇచ్చిన దానాలను నమోదు చేస్తాయి. దొంగచాటుగా కట్టిన గుడి గోడ మీద రాజు పేరు చెక్కించుకోవడం ఎవరూ చేయరు. భాష కూడా కథకు సహకరించదు. సంస్కృతంలో లేపం అంటే పూత. ఆ లెక్కన లేపాక్షి అనే మాటలో వినబడేది పోయిన కన్ను కంటే పూసిన కన్ను, రంగుతో దిద్దిన కన్ను. ఇంత పెద్ద కళ్ళ బొమ్మలున్న గుడికి ఆ అర్థమే బాగా నప్పుతుంది.

పేరుకు ఇంకో కథ కూడా ఉంది. రావణుడు రెక్కలు నరికితే జటాయువు ఇక్కడ పడ్డాడని, రాముడు వచ్చి ‘లే, పక్షీ’ అన్నాడని. జటాయువు పడిన చోటు మాదే అని చెప్పుకునే ఊళ్ళు దేశంలో చాలా ఉన్నాయి. కేరళలో చడయమంగళం కొండ మీద ఆయనకు పెద్ద విగ్రహమే కట్టారు. లేపాక్షి కథకు ఒక ప్రత్యేకత ఉంది. రాముడు తెలుగులో మాట్లాడితే తప్ప ఈ కథ నిలబడదు. గుడిలోని శాసనాల్లో ఎక్కువ భాగం కన్నడంలో ఉన్నాయి. అంటే శాసనం రాయించినవాళ్ళ రాత భాష ఒకటి, ఆ శాసనాల ముందునుంచి నడిచివెళ్ళి కథ చెప్పుకున్నవాళ్ళ నోటి భాష ఇంకొకటి. రెండు భాషలూ పక్కపక్కనే బతికిన సరిహద్దు సీమ ఇది. ఊరి పేరు మీద హక్కు మాత్రం నోటి భాషకే దక్కింది.

శాసనానికీ కథకూ తేడా అక్కడే ఉంది. శాసనం దాత చెప్పించుకున్న మాట. ఎవరి ఏలుబడిలో, ఎవరి పుణ్యం కోసం, ఏ ఊరు, ఎంత భూమి దానం చేశారో అందులో ఉంటుంది. ఆ ఊళ్ళ మీద పన్ను కట్టినవాడి మాట ఉండదు. కళ్ళ కథను దానికి పక్కన పెట్టి చదివితే, అది రాజు క్రూరత్వం గురించిన కథగానో, భక్తుడి త్యాగం గురించిన కథగానో మాత్రమే మిగలదు. అది ఆడిట్ కథ. ‘ఇది ఎవరి డబ్బు?’ అని అడిగిన కథ. గుడి అందాన్ని కాదనకుండానే, దాన్ని కట్టించినవాడిని మెచ్చుకుంటూనే, ఖజానా మాత్రం అతనిది కాదు అని గుర్తుపెట్టుకున్న కథ. జనం విరూపణ్ణను దొంగ అనలేదు, దేవుణ్ణీ చేయలేదు. బాకీ తీర్చుకున్నవాడిగా నిలబెట్టారు. పైకప్పు మీద ఆవుదూడకు కొడుకుతో బాకీ తీర్చిన చోళుడు ఉన్నాడు కదా, కింద గోడ మీద ఖజానాకు కళ్ళతో బాకీ తీర్చిన అధికారి ఉన్నాడు. ఒక కథ విరూపణ్ణ వేయించింది. రెండోది అతని మీద ఊరు వేసింది.

ఈ సీమలో ఇలాంటి లెక్క ఇదొక్కటే కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు తనను తాను బలి ఇచ్చుకుని కట్టను నిలబెట్టిందని చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి ఆధారం ఆ కథే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే సీమలో చెరువు అంటే ప్రాణం. ఆ ప్రాణానికి బదులు ఇంకో ప్రాణం అడిగింది కథ. పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయానిదీ ఇదే వరస. వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉండే ఆ పాత ఇటుక గుడి ఒకప్పుడు బౌద్ధ చైత్యం. తర్వాత శివాలయమైంది. పావురాన్ని కాపాడడానికి తన ఒంటి మాంసం కోసి తూచి ఇచ్చిన శిబి కథ అక్కడ స్థలపురాణం. మతం మారినా, ఇటుకల మధ్య ఆ త్రాసు మాత్రం అలాగే ఉండిపోయింది. గొప్పది ఏదైనా నిలబడాలంటే ఎవరి ఒంట్లోంచో కొంత పోవాలి అని మన కథలు పదేపదే చెప్తాయి. దీన్ని మూఢనమ్మకం అని వదిలేయడం తేలిక. కానీ కట్టడం అనేది ఉచితంగా రాదు అన్న ఎరుక ఇందులో ఉంది. మన పర్యాటక బ్రోచర్లలో అది ఉండదు.

మరి ఆ బండను నిజంగా చెక్కినవాళ్ళ మాట? లేపాక్షి ఈ విషయంలోనూ పూర్తిగా మౌనంగా లేదు. నాగలింగం గురించి చెప్పే కథ చాలా చిన్నది. శిల్పులు అన్నం కోసం ఎదురుచూస్తున్నారు. అమ్మ వంట చేస్తోంది. ఊరికే కూర్చోవడం ఎందుకని, వంటయ్యేలోపు ఆ గుండును పాముగా చెక్కేశారు. ఆమె బయటికొచ్చి చూసి నోరు తెరిచింది. ఆ తల్లి దిష్టి తగిలే రాయి పగిలిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ కూడా కన్నే. విరూపణ్ణ కన్ను గోడకు తగిలింది, అమ్మ కన్ను రాయికి తగిలింది. గుడి ఆవరణలో నేల మీద గుండ్రంగా, గిన్నెల అరలతో సహా చెక్కిన పళ్ళేలు కొన్ని ఉంటాయి. శిల్పులు అన్నం తిన్న కంచాలని కొందరంటారు, చిత్రకారులు రంగులు కలుపుకున్న పళ్ళేలని కొందరంటారు. ఏదైనా సరే, జనం వాటిని పనివాళ్ళకే ఇచ్చారు. దేవుళ్ళకు ఇవ్వలేదు. శాసనంలో చోటు దొరకని మనుషులకు కథలో ఒక పూట భోజనం దొరికింది.

లేపాక్షి అనే పేరు ఆ తర్వాత చాలా దూరం వెళ్ళింది. ప్రభుత్వ హస్తకళల ఎంపోరియంలకు అదే పేరు. స్తంభాల మీది లతలు చీర అంచులకు ఎక్కాయి. 2022లో ఈ గుడి, నంది కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇంకో చోట కూడా ఆ పేరు ఉంది. 2008-09 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా భూమిని ‘లేపాక్షి నాలెడ్జ్ హబ్’ అనే ప్రాజెక్టుకు కేటాయించారు. వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. హబ్ రాలేదు. భూములు బ్యాంకుల్లో తనఖాకు వెళ్ళాయి, వ్యవహారం సీబీఐ దర్యాప్తు దాకా పోయింది. ఎవరి తప్పు ఎంత అన్నది తేల్చడానికి కోర్టులున్నాయి. నాకు తట్టేది ఒకటే. విరూపణ్ణ విషయంలో ‘ఇది ఎవరి సొమ్ము?’ అని అడగడానికి ఈ సీమ ఒక కథ అల్లుకుని దాన్ని వందల ఏళ్ళు మోసింది. ఈ 8,800 ఎకరాలకు ఫైళ్ళున్నాయి, పేపరు కటింగులున్నాయి. చిలమత్తూరు రైతు మనవడు చెప్పుకోవడానికి కథ ఇంకా పుట్టలేదు.

ఈసారి లేపాక్షి వెళ్తే, కండువా ఆట అయ్యాక, పైకప్పు మీద విరూపణ్ణ బొమ్మ ఎక్కడుందో అడిగి చూడండి. తర్వాత కల్యాణమండపం దగ్గరికి నడవండి. కప్పు లేదు. శివపార్వతుల పెళ్ళికి వచ్చిన దేవతలు, ఋషులు స్తంభాల మీద నిలబడి ఉన్నారు, పైన ఆకాశం తప్ప ఇంకేం లేదు. పూర్తయిన మండపాల్లో మనకు కనబడేది శిల్పం. ఇక్కడ కనబడేది పని. ఒక స్తంభం ముగిసిన తర్వాత ఇంకా ఎంత మిగిలిందో, ఎన్ని చేతులు కావాలో, ఎన్ని రోజుల కూలి కావాలో ఇక్కడే తెలుస్తుంది. ఊరి జనం విరూపణ్ణ కళ్ళను తెచ్చి సరిగ్గా ఈ మండపం పక్క గోడకే అంటించారు. పని ఆగిపోయిన చోట నిలబడే ఎవరికైనా ముందుగా వచ్చే అనుమానం డబ్బు గురించేనని వాళ్ళకు బాగా తెలుసు.